భరిణె మూత

పసుపు కొమ్ములు, వక్కలు, తమలపాకులు రెండు కట్టలు, కొబ్బరి బోండాలు రెండు. జీలకర్ర బెల్లం పొద్దున్నే నూరాలి, ముందు రోజు నూరితే ఎండిపోతుంది, చిన్న రోలు సాబిరా పిన్ని తెస్తానంది. మధుపర్కాలు. తెర గుడ్డ, ఉత్త తెల్లది, పేర్లు అచ్చు వేయించవద్దని అమ్మ చెప్పింది. తలంబ్రాల బియ్యం. మెట్టెల కొలత మళ్ళీ చూడాలి, అమ్మ కాలి వేళ్ళు ఈ మధ్య వాస్తున్నాయి. శేషాచార్యులు గారికి ఫోన్ చేసి ధార సంగతి తేల్చుకోవాలి. కాళ్ళు కడగడానికి పళ్ళెం. అప్పగింతలకి పాలు, అర లీటరు ప్యాకెట్టు ఒకటి. ఆఫీసులో సెలవు చీటీ. అమ్మ వితంతు పింఛను రద్దు దరఖాస్తు, అది నేనే నా లాగిన్‌లో ఎక్కించాలి. పిలుపులు: బందరులో ఇరవై ఒక్క ఇళ్ళు, గుడివాడలో ఆరు, ఊళ్ళో పదమూడు. నాయనమ్మ.

అన్నిటికీ టిక్కులు పెట్టాను, నాయనమ్మ పేరు పక్కన కూడా. ఆ కాగితం నా బ్యాగులో ఉంది, బ్యాగు స్తంభం మొదట్లో ఉంది, నా చేతులు రెండూ తెర పట్టుకుని ఉన్నాయి. తెర రెండో కొస సాబిరా పిన్ని చేతుల్లో ఉంది. తెరకి అటు ప్రకాశరావు గారు, ఇటు మా అమ్మ ఇంద్రజ. పెళ్ళి మా అమ్మది. ఈ మాట ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పినప్పుడు అవతల, ఎవరి పెళ్ళి, అని మళ్ళీ అడిగారు. తర్వాత మా పంచాయతీ కార్యదర్శి గారు, శుభం అంజనీ, ఎన్ని రోజులు కావాలి, అన్నారు. మూడు రోజులు అన్నాను. ఆ సెలవు చీటీలో కారణం దగ్గర 'తల్లి వివాహం' అని రాసి, రాసినదాన్ని రెండుసార్లు చదువుకున్నాను. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి.

ఇప్పుడు టైము పది కావస్తోంది. ముహూర్తం పది గంటల నలభై ఒక్క నిమిషాలకి. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆంధ్ర మహావిష్ణువు గుడి బయట ఈ మండపంలో మమ్మల్ని తొందరగా కూర్చోబెట్టేశారు శేషాచార్యులు గారు. "మీకు చుట్టాలు తక్కువ, ఫొటోలు తక్కువ, అందుకే పనులు తొందరగా అయినయ్యి. ముహూర్తం మాత్రం తొందరగా రాదు కదమ్మా. తెర పట్టుకుని ఉండండి, దించొద్దు," అన్నారు. సాబిరా పిన్నిని చూసి, పేరు అడిగి, తెలుసుకుని, తెర వైపు చూసి, "చెయ్యి నొప్పి పుట్టకుండా ఉంటే చాలు, ఎవరైనా పట్టుకోవచ్చు," అన్నారు. పిన్ని నవ్వి, "పుడితే మాత్రం చెప్పుకుంటానా అండీ," అంది. కృష్ణ మీద నుంచి గాలి వస్తోంది, తెర మధ్యలో పొట్టలాగా ఉబ్బి మళ్ళీ తగ్గుతోంది. అది ఉబ్బినప్పుడల్లా అమ్మ మొహం మీద నీడ మారుతోంది. ఈ మండపంలో ఇద్దరి మొహాలూ ఒకేసారి చూడగలిగింది తెర పట్టుకున్నవాళ్ళు మాత్రమే, అంటే నేనూ పిన్నీ. మిగతా అందరూ ఎవరో ఒకరి వైపు వాళ్ళే.

ఎందుకు ఈ తెర, ఇద్దరూ ఎనిమిదేళ్ళుగా ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూస్తూనే ఉన్నారుగా, అని నేను పోయిన వారం అమ్మతో వాదించాను. ప్రకాశరావు గారు బందరు–గుడివాడ బస్సులో కండక్టరు. అమ్మ ప్రతి గురువారం రోల్డ్‌గోల్డ్ సరుకు సంచీలో వేసుకుని గుడివాడ కొట్లకి వెళ్ళేది. ఎడమవైపు మూడో సీటు. ఆయన టికెట్టు కొట్టి ఇచ్చేవారు, వంతెన దాటాక, అమ్మాయి సెమిస్టరు పరీక్షలు అయినయ్యా అండీ అని అడిగేవారు. అంతే, ఎనిమిదేళ్ళ పాటు వారానికి ఒక ప్రశ్న. నేను డిగ్రీ పాసైన వారం ఆయన స్టాండులో పావుకిలో మైసూర్‌పాకు కొని అమ్మ సంచీలో పెట్టారట, టికెట్టు లాగానే, మొహంలోకి చూడకుండా. అలాంటి మనుషులకి తెర ఏంటమ్మా అంటే అమ్మ నల్లపూసలు గుచ్చుతూనే, "చూశాం గానీ, చూసుకోమని ఎవరూ చెప్పలేదుగా," అంది. అమ్మ అలా మాట్లాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. నల్లపూసలు గుచ్చడం అమ్మ పని. బందరులో రోల్డ్‌గోల్డ్ పని చేసే పాకలో పదేళ్ళుగా సాబిరా పిన్ని పక్కన కూర్చుని ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరి మెళ్ళోకీ నల్లపూసలు గుచ్చింది, తన మెడ బోసిగా పెట్టుకుని. ఒకసారి ఎవరో కొత్తగా పనిలో చేరిన అమ్మాయి, ఆంటీ ఆ గొలుసు ఒకసారి వేసుకుని చూపించండి, పొడవు తెలుస్తుంది, అందట. పిన్ని గబుక్కున ఆ గొలుసు లాక్కుని తను వేసుకుందట. "నా మెడ పొడుగు, నా మీద అయితే బాగా తెలుస్తది," అందట. ఈ సంగతి అమ్మ నాకు చెప్పలేదు, పిన్నే చెప్పింది, అదీ పెళ్ళి ఖాయమయ్యాక.

ప్రకాశరావు గారు అడగవలసిన మాట ముందు నన్నే అడిగారు. మా సచివాలయానికి వచ్చి, టోకెన్ తీసుకుని, క్యూలో నలభై నిమిషాలు నిలబడి, తన వంతు వచ్చాక, "పని మీద రాలేదండీ. అడగడానికి వచ్చాను," అన్నారు. నేను కంప్యూటర్ మీద నుంచి తలెత్తి, ఏ సర్టిఫికెట్టు అండీ, అన్నాను. ఆ తర్వాత నాకు చాలా సిగ్గేసింది. ఆయన భార్య పోయి తొమ్మిదేళ్ళు, పిల్లలు లేరు, గుడివాడలో అక్క సరోజ గారి పక్క వాటాలో ఉంటారు, ఇవన్నీ ఫారం నింపుతున్నట్టు వరసగా చెప్పి, "ముందు మీరు ఊఁ అంటే అప్పుడు ఆవిణ్ణి అడుగుతాను. మీరు కాదంటే గురువారం డ్యూటీ మార్పించుకుంటాను," అన్నారు. ఇంటికెళ్ళి పిన్నికి చెప్పాను. పిన్ని, "మాలో ముందు పెళ్ళికూతురి దగ్గరికొచ్చి అడుగుతారు అంజీ, ఒప్పుకున్నావా అని, సాక్షులు వినేట్టు. నన్నడిగినప్పుడు గొంతు రాలేదు. మళ్ళీ అడిగారు. మీలో ఎవరడుగుతారు?" అంది. మంత్రాలన్నీ తిరగేశాను, ఫోన్లో అర్థాలు చదివాను. పెళ్ళికొడుకు చేత చాలా మాటలు ఇప్పిస్తారు. ఆమెను వదలను అని మూడుసార్లు అనిపిస్తారు. అమ్మాయిని అడిగేచోటు ఎక్కడుందా అని వెతికాను. నా చదువు సరిపోలేదో, లేక నిజంగానే లేదో. రాత్రి అన్నం తింటూ నేనే అడిగాను, అమ్మా నీకు ఇష్టమేనా అని. ఆమె పప్పులో నెయ్యి వేసుకుంటూ, "అడిగావా," అంది. ఆ రోజు ఇంకో ముద్ద ఎక్కువ తింది.

భుజాలు లాగుతున్నాయి. పిన్ని అవతల నుంచి కళ్ళతోనే, మార్చుకుందామా, అంటోంది, మార్చుకోవడానికి ఏముంది, ఇద్దరికీ ఒకటే బరువు. గుడ్డే కదా అనుకుంటాం, అరగంట ఎత్తి పట్టుకుంటే గుడ్డకి ఎంత బరువుందో తెలుస్తుంది. జీలకర్ర బెల్లం ముద్ద తమలపాకులో తయారుగా ఉంది. దాని గురించి మా ఆఫీసు గ్రూపులో ఒక మెసేజి తిరుగుతుంది, తల నడినెత్తిన పెడితే ఏవో తరంగాలు ఒకరి నుంచి ఒకరికి వెళ్తాయని, అమెరికా వాళ్ళు కూడా ఒప్పుకున్నారని. మెట్టెల నరానికీ గర్భసంచికీ సంబంధం అని ఇంకొకటి. నేను బీయెస్సీ చదివాను, అది సైన్సు కాదని నాకు తెలుసు. అలా చెప్పకపోతే గౌరవం ఉండదని భయపడేవాళ్ళు పంపుతారు వాటిని. ఈ పొద్దున జీలకర్ర నేనే నూరాను. ముందు రెండూ వేరువేరుగా ఉంటాయి, పొడి పొడిగా, బెల్లం రోలుకి అంటుకుంటుంది. కాసేపటికి ఎక్కడ ఏది ఉందో తెలియకుండా అవుతుంది, వెనక్కి తియ్యడం ఎవరి వల్లా కాదు. అంత చిన్న పనితో అంత పెద్ద మాట చెప్పినవాళ్ళు తెలివిగలవాళ్ళే, వాళ్ళకి తరంగాలు అక్కర్లేదు అనిపించింది.

కానీ వెనక్కి తియ్యడం కూడా మనవాళ్ళకి తెలుసు. దానికీ ఒక తంతు ఉంది. మా నాన్న రొయ్యల చెరువు దగ్గర మోటారు కరెంటు తగిలి పోయినప్పుడు నాకు పదిహేనేళ్ళు. దివిసీమలో నాగాయలంక అవతల మా ఊరు. పదో రోజు పొద్దున్నే ఇంటి వెనక బావి దగ్గర ఆడవాళ్ళు చేరారు, ఒకావిడ రాయి తెచ్చింది. గాజులు కొట్టడానికి. అమ్మ ఎర్ర గాజులు చేతికి ఆరేసి వేసుకునేది. అప్పుడు నాయనమ్మ వచ్చి ఆ రాయి అవతల పారేసి అమ్మ చేతులు పట్టుకుంది. నేను అరిచాను, తియ్యొద్దు అని. నాయనమ్మ నా మాట వినలేదు, గాజులన్నీ తీసేసింది, బొట్టు తుడిచింది. ఎన్నో ఏళ్ళు నా మనసులో ఆ ఒక్క బొమ్మే ఉండిపోయింది, నాయనమ్మ చేతులు, అమ్మ ఖాళీ చేతులు. డిగ్రీ చదివేటప్పుడు వక్తృత్వ పోటీలో ఆచారాల మీద మాట్లాడి ప్రైజు తెచ్చుకున్నాను, ఆ పోటీలో చెప్పాను కూడా. పుట్టిన పదకొండో రోజున పెట్టిన బొట్టు, పెళ్ళి ఇవ్వని బొట్టు, మొగుడు పోతే ఎందుకు పోవాలి అని. చప్పట్లు కొట్టారు. నేను చెప్పనిది ఏంటంటే, నాయనమ్మ ఆ రోజు సబ్బు నురగ తెచ్చింది. అమ్మ మణికట్టుకి సబ్బు రాసి ఒక్కొక్క గాజు జారవిడిచింది, పన్నెండూ, ఒక్కటీ చిట్లలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలాలి కదా పగలాలి కదా అంటూనే ఉన్నారు. "పగిలింది చాల్లే," అంది నాయనమ్మ. ఆ మాట నేను అప్పుడు విన్నాను, ఇప్పుడు ఈ తెర పట్టుకున్నాకే వినపడింది.

నాయనమ్మ ఇంకా రాలేదు. పదింబావుకి ధార. శేషాచార్యులు గారు రెండుసార్లు నా వైపు చూశారు. అమ్మానాన్నలు లేని మనిషి మా అమ్మ, అన్నదమ్ములు లేరు, ఆమెను ఇచ్చేదెవరు అన్నది మొదటినుంచీ తేలని సంగతి. ఫోన్లో శేషాచార్యులు గారు, "కన్యాదానం అనే మాట ఇక్కడ కుదరదనుకో. కానీ ధార ఉండాలి. ఫలానా ఇంటి నుంచి వచ్చింది అని చెప్పడానికి ఒక మనిషి నిలబడాలి కదమ్మా," అన్నారు. నేను పోస్తానండీ అన్నాను. "కూతురు తల్లిని ఇవ్వడం శాస్త్రంలో ఉందో లేదో నేను చూడలేదు. చూస్తే లేదనే ఉంటుంది. అందుకని చూడనులే," అన్నారాయన. అమ్మ మాత్రం ఆ మాట విని తల దించుకుంది. "అత్తయ్య వస్తే బాగుండు," అంది. వచ్చి ఏం చేస్తుందమ్మా, ఆవిడకి ఇష్టం లేదు, అన్నాను నేను. అమ్మ నా మొహం చూసి, "ఇష్టం లేదని ఆవిడ అందా?" అంది. అనలేదు. మాట్లాడకుండా ఉండటాన్ని నేనే అలా చదివాను. అత్తయ్య లేకుండా మనసొప్పదు అంజీ, కూర్చోమంటే కూర్చుంటాను గానీ మనసొప్పదు, అంది నిన్న రాత్రి కూడా. తెరకి ఇటు పక్క ఇప్పుడు అమ్మ కళ్ళు గౌరమ్మ మీద లేవు, కరకట్ట మీద నుంచి మండపానికి దిగే మెట్ల మీద ఉన్నాయి. తెర ఆమెకి ప్రకాశరావు గారిని మూస్తోంది గానీ ఆ మెట్లను మూయడం లేదు.

మెట్ల దగ్గర సరోజ గారు నిలబడి వచ్చినవాళ్ళకి బొట్టు పెట్టి పన్నీరు చల్లుతున్నారు. గుడివాడ నుంచి వ్యాను దిగిన వాళ్ళు వరసగా వస్తున్నారు. ఒకామెకి పెట్టారు, ఇంకొకామెకి పెట్టారు, చిన్నపిల్ల గడ్డం పట్టుకుని నవ్వుతూ పెట్టారు. వాళ్ళ వెనక లేత రంగు చీరలో, బోసి నుదురుతో ఒక పెద్దావిడ. సరోజ గారి చెయ్యి భరిణె మీదికి వెళ్ళి మూత పడింది, చప్పుడు కూడా కాలేదు, మొహంలో నవ్వు అలాగే ఉంది, రండి పిన్నిగారూ బాగున్నారా, అంటున్నారు, పన్నీరు మాత్రం చల్లారు. ఆ పెద్దావిడ తల కొంచెం పక్కకి తిప్పుకుని లోపలికి వచ్చింది, బస్సులో నిండిన సీట్లు దాటుకుంటూ వెనక్కి వెళ్ళేవాళ్ళలాగా. అదేమీ జరగనట్టే. అదేమీ జరగలేదు కూడా. సరోజ గారు ఎవర్నీ ఏమీ అనలేదు.

తెర నా వైపు జారింది, పిన్ని, "అంజీ," అంది మెల్లగా. ఎత్తాను. పోయిన ఆదివారం మా ఊళ్ళో పద్నాలుగు ఇళ్ళు తిరిగాను, భరిణె చేత్తో పట్టుకుని. పదమూడు ఇళ్ళలో గడప దగ్గరే మూత తీసి, అత్తా, వదినా, పెద్దమ్మా అంటూ బొట్టు పెట్టాను, మా అమ్మ పెళ్ళి, తప్పకుండా రావాలి అన్నాను. వాళ్ళు నవ్వారో, గుసగుసలాడారో, పెట్టించుకున్నారు. ఆఖరి ఇల్లు నాయనమ్మది. పాక ముందు గేదెని కడుగుతోంది. నేను మూత తీసిన భరిణెతోనే వాకిట్లోకి అడుగు పెట్టాను. ఆమె తల ఎత్తింది. నా బొటనవేలు మూత మూసేసింది. నేను మూయమని చెప్పలేదు, ఆలోచించలేదు, నాయనమ్మా అని పిలిచేలోపలే అయిపోయింది. నేను పాసైన పరీక్షలు ఏవీ నా బొటనవేలు రాయలేదు. నాయనమ్మ చేతిలో గడ్డి చుట్ట అలాగే ఆగింది. నా చేతి వైపు చూసింది, నా మొహం వైపు కాదు. "ఎవరెవర్ని పిలిచొచ్చావే?" అంది. అందర్నీ నాయనమ్మా. "అందర్నీనా?" అంది. ఊఁ, అందర్నీ. "ముహూర్తం ఎన్నింటికి?" అంది. చెప్పాను. గేదె మీద ఇంకో చెంబు నీళ్ళు పోసింది. అంతే. ఆ రాత్రి బస్సులో కాగితం తీసి ఆమె పేరు పక్కన టిక్కు పెట్టుకుని, నాయనమ్మకి ఈ పెళ్ళి ఇష్టం లేదు, పాతకాలం మనిషి, అనుకున్నాను.

ఆమెకి ఆ బొట్టు ఎలా పోయిందో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. డెబ్భై ఏడు ఉప్పెనలో మూడేళ్ళ మా నాన్నని పైటకొంగుతో నడుముకి కట్టుకుని తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉంది. తాతయ్య దొరకలేదు. పదో రోజూ లేదు, గాజులూ లేవు, తంతేమీ లేదు, ఊరే లేదు. "తియ్యమని ఎవరూ అనలా. పెట్టుకోమని కూడా ఎవరూ అనలా. నీళ్ళకి పోయింది," అనేది ఎప్పుడైనా అడిగితే, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు. అప్పుడామెకి ఇరవై రెండేళ్ళు. నాకిప్పుడు ఇరవై ఆరు. నలభై ఏడేళ్ళలో ఎన్ని పెళ్ళి పిలుపులు ఆ వాకిట్లోకి వచ్చి ఉంటాయి, ఎన్ని మూతలు పడి ఉంటాయి. అన్నిట్లోకీ చివరిది నాది, అమ్మకి మళ్ళీ బొట్టు పెడుతున్నానని చెప్పడానికి వెళ్ళి వేసిన మూత. ఫోన్ చెయ్యాలి. ఫోన్ బ్యాగులో ఉంది, చేసినా నాయనమ్మ ఫోను బియ్యం డబ్బా మీద ఉంటుంది, ఆమె ఎత్తేసరికి ఆగిపోతుంది. పిన్నీ, ఒక్క నిమిషం వదలొచ్చా, అన్నాను. "వదిలితే పడుద్ది. ఏమైంది?" అంది. తప్పు చేశాను అన్నాను. పిన్ని నా మొహం చూసి, "చేతులు ఎత్తే ఉంచు. తప్పు సంగతి తర్వాత చూద్దాం," అంది.

పదింబావు అయింది. శేషాచార్యులు గారు పళ్ళెం జరిపించారు, చెంబు నింపించారు. "ఇక రావాలమ్మా," అన్నారు నాతో. ప్రకాశరావు గారు అవతల నుంచి, "ఐదు నిమిషాలు చూద్దామండీ. అవనిగడ్డ బస్సు లేటు అయి ఉంటుంది, ఆ రూటు నాకు తెలుసు," అన్నారు. ఆయనకి నేను ఏమీ చెప్పలేదు. అమ్మ మెట్ల మీద నుంచి చూపు తిప్పలేదు. అప్పుడు కరకట్ట మీద ఆటో ఆగింది. ముందు ఒక పాల క్యాను దిగింది, దాని వెనక నాయనమ్మ.

నాయనమ్మ ఎవరి వంకా చూడకుండా మెట్లు దిగుతోంది. సరోజ గారి చెయ్యి మళ్ళీ భరిణె మీదికి వెళ్ళింది. నేను, "సరోజత్తయ్యా, మూయకండి, ఇటు తీసుకురండి," అన్నాను, గట్టిగానే అన్నట్టున్నాను, సన్నాయి వాయించే ఆయన ఆగి చూశాడు. సరోజ గారు వచ్చారు. తెర కొస ఆవిడ చేతిలో పెట్టి భరిణె తీసుకున్నాను. రక్తం చేతుల్లోకి దిగి వేళ్ళు సూదులు గుచ్చినట్టున్నాయి. నాయనమ్మ ఎదురుగా నిలబడ్డాను. ఉంగరపు వేలు కుంకంలో ముంచాను.

"నాయనమ్మా, బొట్టు పెట్టనా?"

ఆమె క్యాను కింద పెట్టింది. "ఆ రోజు మూసి ఇయ్యాల తెరిచావా," అంది. కోపం లేదు. "నాకొద్దులే. ఇన్నేళ్ళు లేకుండానే గడిచింది, ఈ మొహం దానికే అలవాటు పడింది. కానీ అంజీ, వద్దనేది నేను అనాలి. నువ్వు అనగూడదు."

"పిలవలేదని రావేమో అనుకున్నాను."

"ఇంటోళ్ళని ఎవరు పిలుస్తారే? చుట్టాల్ని పిలుస్తారు. నేను చుట్టంగా వచ్చానా?" అంది. తర్వాత శేషాచార్యులు గారి వైపు తిరిగి, "బాబూ, దీని మొదటి పెళ్ళిలో అప్పగింతలప్పుడు వాళ్ళమ్మా నాన్నా దీని చేతులు పాలల్లో ముంచి నా చేతుల్లో పెట్టారు. మా పిల్ల ఇక నీ పిల్ల అన్నారు, వెయ్యి మంది చూశారు. ఆళ్ళు పోయారు. నా కొడుకు పోయాడు. పుచ్చుకున్నదాన్ని నేనున్నాను. ఇచ్చేదాన్ని నేనేగా?" అంది. శేషాచార్యులు గారు చెంబు ఆమె వైపు జరిపారు. "అంతేనమ్మా. ఇంకెవరికీ అధికారం లేదు," అన్నారు. ఎన్ని పుస్తకాలు వెతికాను ఈ తంతుల అర్థం కోసం. అప్పగింత అంటే ఏడిపించడానికి పెట్టిన ఘట్టం అనుకున్నాను, వీడియోల్లో పాట పెట్టుకోవడానికి. దాన్ని మాటగా పుచ్చుకుని ఇరవై ఏడేళ్ళు చేతుల్లో ఉంచుకున్న మనిషిని ఇప్పుడు చూస్తున్నాను.

పాల క్యాను నా చేతికిచ్చింది. "ప్యాకెట్టు పాలు తెచ్చుంటావు నువ్వు. ఇవి మన గేదెవి." పీట మీద కూర్చుంది. అమ్మ, "అత్తయ్యా," అంది. "తల ఎత్తు ఇంద్రజా. పెళ్ళిబొట్టు చెదురుద్ది," అంది నాయనమ్మ. వెంటనే ఇంకోటి అడిగింది, అందరూ వినేట్టు, పిన్ని కూడా వినేట్టు: "నీకు ఇష్టమేనా?" అమ్మ, ఇష్టమే అత్తయ్యా, అంది. ఈసారి అడిగావా అనలేదు. తెర అవతల ప్రకాశరావు గారు కాళ్ళు వెనక్కి తీసుకుంటున్నారు, పెద్దవారు మీరు నా కాళ్ళు కడగడం బాగుండదండీ అంటూ. "ఏడాది పొడుగూ టికెట్లు కొడుతూ నిలబడే కాళ్ళేగా, ఒక్కసారి కడిగితే అరిగిపోవులే, పెట్టు," అంది. అందరూ నవ్వారు. ఆయన పెట్టారు.

ఇచ్చేవాళ్ళ గోత్రం, పేరు చెప్పమన్నారు. గోత్రం తెలియదు బాబూ అంది. తెలియనివాళ్ళకి కశ్యప గోత్రం ఉందిలే అన్నారాయన. పేరు చెప్పింది. శేషాచార్యులు గారు సంకల్పం చదువుతుంటే ఆ సంస్కృతం మధ్యలో మా నాయనమ్మ పేరు వచ్చింది. రేషను కార్డులో, పింఛను జాబితాలో, ప్రతి నెలా నా కంప్యూటర్లో నేనే చూసే పేరు, దాని పక్కన ఎప్పుడూ ఒకే ఒక్క మాట ఉంటుంది, వితంతువు అని. ఇప్పుడు దాని పక్కన ఆ మాట లేదు. ఇచ్చేది ఈమె అని ఉంది. నీళ్ళు అమ్మ చేతుల మీద నుంచి ఆయన చేతుల్లోకి, అక్కడి నుంచి పళ్ళెంలోకి పడ్డాయి, సన్నగా, తెగకుండా. నేను వెళ్ళి భరిణె సరోజ గారికిచ్చి తెర కొస మళ్ళీ అందుకున్నాను. ఆవిడ భరిణెతోనే మండపం చివర కూర్చున్న లేత రంగు చీర పెద్దావిడ దగ్గరికి వెళ్ళి వంగి ఏదో అడిగారు. ఆవిడ ఏమందో నాకు వినపడలేదు. అడగడం చూశాను. పది నలభై ఒకటి అయింది, పిన్నీ నేనూ తెర దించాము.

ఇది నేను కథగా రాద్దామని రాయలేదు, నా కాగితంలో ఒక టిక్కు తప్పు పెట్టాను, దాన్ని కొట్టేయడానికి రాశాను. మీ ఇంట్లో కూడా పెళ్ళిళ్ళు జరుగుతాయి. పిలుపులకి మీరూ వెళ్తారు, చేతిలో భరిణె ఉంటుంది, ఏదో ఒక గడప దగ్గర మీ బొటనవేలు మిమ్మల్ని అడక్కుండానే కదులుతుంది. ఆ ఒక్క క్షణం మా నాయనమ్మని గుర్తు చేసుకోండి. మూత తీసే ఉంచి, అడగండి. వద్దనేది వాళ్ళు అంటారు, లేదా అనరు. ఆమె పేరు నాంచారమ్మ.